మూడో వంతు

పొద్దున తొమ్మిదింటికి ఒకసారి,
పదకొండుకు ఇంకోసారి,
అన్నంలో చారు పోసుకుంటా ఉండంగా మళ్లీ.
నంబరు మారతాది, గొంతు మారతాది,
"ధనకోటిగారేనా సార్?" అనేది మాత్రం మారదు.
ఔను, ధనకోటినే.
పేరు పెట్టిన మా జేజినాయనకు
కోటికి ఎన్ని సున్నాలో తెలీదు పాపం.

రాయవేలూరు ఆసుపత్రిలో
బిల్లుల కౌంటరు కాడ పుట్టింది ఈ అప్పు.
మా చెల్లెలు కుముద లోపల మంచం మీద,
నేను బయట, గాజు కిటికీ ముందర.
కార్డు గీకితే చిన్న కూత,
పిచిక పిల్ల నోరు తెరిచినట్టు.
అంతే. చీటీ బయటికొచ్చింది.
కుముద బతికింది.
పిచికా బతికింది.
నెలనెలా "కనీసం ఇంత" అంటాది.
ఆ కనీసం నేను కడతానే ఉండా,
అసలు మాత్రం కడుపులో చల్ల కదలకుండా
కుర్చీలో కూర్చోనుంది.

నా ఉద్యోగం చెప్పలేదు గదా.
చిత్తూరు కార్పొరేషన్ ఆఫీసులో జీతాల సెక్షను.
ఇరవై రెండేండ్లుగా జప్తు కాగితాలన్నీ
నా బల్ల మీదనే దిగతాయి.
పంపుహౌసు మునెయ్యకు సొసైటీ అప్పు,
బిల్లు కలెక్టరు కన్నాయిరానికి చీటీల కేసు,
చెత్తబండి సంపూర్ణకు
మొగుడి బాకీ మీద పెట్టిన హామీ సంతకం.
కోర్టు కాగితం వస్తే
ఎర్రసిరాతో గీత గీసి, కోత గడిలో అంకె రాసి,
టీ తాగేవాణ్ణి.
చేతికి ఎప్పుడూ ఏమీ అంటుకోలేదు.

సంపూర్ణ ఒకసారి బల్ల అంచు పట్టుకోని
"ఈ నెల ఒక్కటి ఆపు సార్" అనింది.
"నా చేతల్లో లేదమ్మా" అన్నా.
నిజమే.
తలెత్తి చెప్పుండచ్చు.

నిన్న మాట్లాడిన పిల్లోడు గట్టోడు.
"ఆఫీసుకొస్తాం, మీ కమిషనరుకు చెప్తాం,
జీతం మొత్తం జప్తు చేయిస్తాం"
కామా కాడ కూడా ఆగలేదు.
ఎదురుగా కాగితం పెట్టుకోని చదవతా ఉండాడు.
నాకు నవ్వొచ్చింది.
తడిసిన అగ్గిపుల్ల గీసినట్టుండే నవ్వు.

"నాయనా, మొత్తం కుదరదు.
ముందు కేసెయ్యాల, డిక్రీ రావాల.
వచ్చినా మొదటి వెయ్యి ముట్టుకోకూడదు.
మిగిలిందాంట్లో మూడో వంతు, అంతే.
ఈ లెక్క వేసేది ఎవరనుకున్నావు? నేనే."

అవతల గమ్మునైపోయినాడు.
ఫ్యాన్ల సద్దు. ఇంకా ముప్పై గొంతులు,
ముప్పై "సార్ సార్"లు.
తర్వాత ఆ కాగితం తెలుగు పోయి
మా పక్క తెలుగు వచ్చింది, గుసగుసగా.
"సార్, మా నాయన పాల డైరీలో వాచ్‌మేను,
పీలేరు కాడ.
పోయిన నెల పేపరొచ్చింది కోర్టు నుంచి.
జీతమంతా పోతాదని రేత్రుళ్లు నిద్దర పోవడంలే.
మూడో వంతేనా సార్? గట్టిగానేనా?"

"జీతమెంత?"
"పంతొమ్మిది వేలు సార్."
పాత పే బిల్లు వెనకాల పెన్సిలుతో వేసినా.
వెయ్యి తీసేసి, మూడు పాళ్లు చేస్తే
ఆరు వేలు పోతాది, పదమూడు వేలు నిలస్తాది.
"పదమూడా!" అన్నాడు,
ఎవరో చేతిలో పెట్టినట్టు.

వెనకాల ఎవరో గదిమినారు.
గొంతు మళ్లీ ఇస్త్రీ మడత పడింది.
"సార్, సోమవారం లోపల కట్టకపోతే..."
"తెలుసులే నాయనా" అన్నా.

ఈ పొద్దు ఇరవయ్యో తేదీ.
గుజ్జు ఫ్యాక్టరీల దిక్కునుంచి
పులిసిన మామిడి వాసన కిటికీలోకి వస్తా ఉంది.
నా పేరు పదిహేడో వరసలో ఉంది.
కోత గడి ఇంకా తెల్లగానే ఉంది.
ఎర్రపెన్ను మూత తీసినా,
మళ్లీ పెట్టినా.
ఫోను బల్ల మీద
ఎల్లకిలా పడిన పురుగు మాదిరి గిలగిలా కొట్టుకుంటా ఉంది.

కింద వీధిలో సంపూర్ణ ఈల.
తలెత్తి చూసినా.
ఆయమ్మ బండి తోసుకుంటా పోయింది,
చూడలేదు.